షూలు కొత్తవి, పెడల్ మాత్రం పాతాళంలో: ఒక రొయ్యల బండి కేసు

మే నెల. రోహిణి కార్తె ఇంకా రాలేదు కానీ ఎండ మాత్రం ముందే వచ్చేసింది. కావలి ట్రంకు రోడ్డు పక్క సందులో మా షెడ్డు. పన్నెండు దాటాక ఒక మినీ ట్రక్కు వచ్చి ఆగింది. ఆగడం కూడా మామూలుగా ఆగలేదు, ఆ అబ్బాయి పెడల్ని బోరింగు కొట్టినట్టు మూడుసార్లు కొట్టి, చాలక హ్యాండ్ బ్రేక్ లాగి, నా బెంచీకి రెండడుగుల దూరంలో ఆపాడు. దిగుతూనే "అన్నా, నాలుగు రోజుల కిందట వెనక షూలు కొత్తవి వేయించాను, ముందున్న బ్రేకే నయంగా ఉండింది" అన్నాడు.

బండి అల్లూరు తట్టుది. పోయేటప్పుడు మేత బస్తాలు, వచ్చేటప్పుడు రొయ్యల గుంటల నుంచి ఐసు వేసిన ట్రేలు. ముందు డిస్కు, వెనక డ్రమ్ము, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకు. డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె, షూలు అంటే లోపలి నుంచి దాన్ని ఒత్తి ఆపే రెండు వంపు ముక్కలు. వెనక డ్రమ్ములో షూల మధ్య స్టార్ వీల్ అనే పళ్ళ చక్రం ఉన్న స్ట్రట్టు, అంటే పొడవు మార్చుకునే కడ్డీ, దానికి తగులుకుని ఒక చిన్న లీవరు. షూ అరిగి గ్యాప్ పెరిగితే ఆ లీవరు స్టార్ వీల్‌ని ఒక్కో పన్ను తిప్పి గ్యాప్‌ని తనంతట తనే సరిచేస్తుంది. ఆటో అడ్జస్టర్ అంటాం. ఈ కథంతా ఆ చిన్న లీవరు చుట్టూనే తిరుగుతుంది కాబట్టి దాన్ని గుర్తుంచుకోండి.

ముందు జరిగిన పని ఏంటని అడిగాను. పాత షూలు రివెట్లు తగిలేదాకా అరిగాయి. ఒక షెడ్డులో కొత్త సెట్టు వేశారు. పెడల్ కిందికి పోతోందంటే ఆయిల్ గొట్టాల్లో ఎయిర్ ఉందని బ్లీడింగ్ చేశారు, అంటే నిపుల్ వదులు చేసి ఆ గాలిని బయటికి పంపారు. మళ్ళీ పోతోందంటే మళ్ళీ బ్లీడింగ్. మూడోసారి కూడా చేసి, చివరికి కింద హ్యాండ్ బ్రేక్ కేబుల్ నట్టు నాలుగైదు చుట్లు బిగించి "ఇంగ చూసుకో" అన్నారట. నిజంగానే పెడల్ రవ్వంత పైకొచ్చింది. ఒక రోజు బాగుంది. రెండో రోజు నుంచి కుడి వెనక చక్రం దగ్గర కాలిన వాసన, మధ్యాహ్నమయ్యేకొద్దీ పెడల్ ఇంకా కిందికి. ఆ షెడ్డు పేరు నాకు అక్కర్లేదు, మీకూ అక్కర్లేదు. ఇదే పని ఇదే వరసలో నేను కూడా చేసిన రోజులు ఉన్నాయి.

బండి తోలకుండా, నిలబడి ఉండగానే చూడాల్సినవి రెండు ఉన్నాయి. మొదటిది, పెడల్ కిందికి పోవడంలో రకం. తొక్కితే స్పాంజిలా మెత్తగా పోయి, పంపు కొట్టినా మెత్తగానే ఉంటే అది ఎయిర్. తొక్కితే సగానికి పైగా ఖాళీగా పోయి, అక్కడ గట్టిగా తగిలి, వెంట వెంటనే రెండు మూడు సార్లు కొడితే పైకొచ్చి గట్టిగా నిలబడి, కాసేపు వదిలేస్తే మళ్ళీ మొదటికే వస్తే అది గ్యాప్. అంటే షూ డ్రమ్ముకి చాలా దూరంలో ఉంది. మొదటి తొక్కుడులో వెళ్ళిన ఆయిలంతా ఆ దూరం నడవడానికే ఖర్చయిపోయింది. ఈ బండిది రెండో రకం. దానికి మూడుసార్లు కాదు ముప్పై సార్లు బ్లీడింగ్ చేసినా బ్రేక్ ఆయిల్ డబ్బా ఖాళీ అవుతుంది తప్ప పెడల్ పైకి రాదు.

రెండోది నాకు చాలా ఇష్టమైన పరీక్ష, పానా కూడా అక్కర్లేదు. హ్యాండ్ బ్రేక్ వదిలి పెడల్ ఎంత దూరం పోతుందో చూడాలి. తర్వాత హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి, అప్పుడు తొక్కాలి. హ్యాండ్ బ్రేక్ లాగితే వెనక షూలు కేబుల్ బలంతోనే డ్రమ్ము దాకా పోయి నిలబడతాయి కదా, ఇక ఆయిల్ నింపాల్సిన గ్యాప్ వెనక ఉండదు. అప్పుడు పెడల్ ఒక్కసారిగా పైకొచ్చి గట్టిపడితే తప్పు వెనక షూల సెట్టింగులోనే. లాగినా కిందికే పోతుంటే పెడల్ దగ్గర ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండరో, ముందు చక్రాలో, ఎయిరో చూసుకోవాలి. మనవాడి బండిలో హ్యాండ్ బ్రేక్ లాగగానే పెడల్ మూడు వేళ్ళు పైకొచ్చింది. ఆ అబ్బాయికే కాలు పెట్టి చూడమన్నా. "ఏందన్నా, హ్యాండ్ బ్రేక్‌కి దీనికి సంబంధమేంది?" అన్నాడు.

సంబంధం లెక్కలో ఉంది. ఉదాహరణకి చక్రం దగ్గర షూలని తోసే వీల్ సిలిండర్ 19 మిల్లీమీటర్లది, మాస్టర్ సిలిండర్ 20.6 మిల్లీమీటర్లది, పెడల్ లీవరు నిష్పత్తి నాలుగున్నర అనుకుందాం. ఒక్కో షూ వీల్ సిలిండర్ దగ్గర ఉండాల్సిన దానికన్నా ఒక్క మిల్లీమీటరు ఎక్కువ నడవాల్సి వస్తే, రెండు చక్రాలకి కలిపి నాలుగు పిస్టన్లు, ఒక్కో దానికి దాదాపు 284 ఘనపు మిల్లీమీటర్ల ఆయిల్, మొత్తం దాదాపు 1135. అది మాస్టర్ సిలిండర్‌లో దాదాపు 3.4 మిల్లీమీటర్ల నడక. నాలుగున్నరతో గుణిస్తే పాదం కింద ఒకటిన్నర సెంటీమీటరు. అంటే డ్రమ్ము దగ్గర గోరు మందం తేడా మీ కాలి కింద బొటనవేలు వెడల్పు అయి కూర్చుంటుంది. షూలు వేశాక సెట్టింగ్ చేయకుండా వదిలిన బండిలో గ్యాప్ మిల్లీమీటరుతో ఆగదు, రెండు కూడా ఉంటుంది.

డ్రమ్ములు తాకకుండానే థర్మామీటరు తుపాకీ పెట్టి చూశాను. కుడిది 168 డిగ్రీలు, ఎడమది 61. ఈ తుపాకీ లేని రోజుల్లో నీళ్ళు చిలకరించి చూసేవాళ్ళం. పొయ్యి మీద పెనం లాగా చుయ్ మంటే పట్టేసినట్టే. ఒకటి తెలుసుకోండి, డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచిస్తుంది, షూ నుంచి దూరం జరుగుతుంది, అందుకే పట్టేసిన డ్రమ్ము కూడా పెడల్ని కిందికే దించుతుంది. ఒక పక్క పట్టేసి, ఇంకో పక్క వదులై, రెండూ ఒకే పెడల్లో కలిసి కనిపించడం వల్లే ఈ కేసులు తికమక పెడతాయి.

ఇక బండి ఎత్తాం. ముందు చక్రాలకి రెండు వైపులా రాళ్ళు, వెనక హౌసింగు కింద రెండు స్టాండ్లు. హ్యాండ్ బ్రేక్ వదిలి చేసే పని ఇది, జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద దూరొద్దు. ఎడమ చక్రం గాలిమరలా తిరుగుతోంది, రాపిడి చప్పుడే లేదు. కుడిది రెండు చేతులతో తోసినా కదలడం లేదు.

పట్టేసిన చక్రం కనపడగానే విప్పేయకూడదు, ఆయిల్ పట్టుకుందా ఇనుము పట్టుకుందా తేల్చుకోవాలి. కుడి పక్క బ్లీడింగ్ నిపుల్ వదులు చేశాను. ప్రెషర్ లోపల ఇరుక్కుని ఉంటే ఆయిల్ చిమ్మి చక్రం వదిలేస్తుంది, అప్పుడు హోసు లోపల ఉబ్బిందనో మాస్టర్ సిలిండర్ రిటర్న్ కన్నం మూసుకుందనో వెతకాలి. ఇక్కడ ఆయిల్ చుక్క చుక్కగా వచ్చింది, చక్రం కదల్లేదు. కాబట్టి ఇనుము. తర్వాత కేబుల్ నట్టు పూర్తిగా వదిలేశాను. అయినా కదల్లేదు! కుడి కేబుల్ని బ్యాక్ ప్లేట్ (డ్రమ్ము వెనక ఉండే రేకు) దగ్గర పట్టుకారతో పట్టి వెనక్కి నెడితే కిర్రుమని అరిచి అర అంగుళం వెనక్కి పోయింది, అప్పుడు చక్రం తిరిగింది.

కేబుల్ తొడుగు లోపల తుప్పు. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు ట్రేల నుంచి కారి, డెక్కు కుడి మూలన ఉన్న గొట్టం గుండా సరిగ్గా ఆ కేబుల్ మీద, కుడి బ్యాక్ ప్లేట్ మీద పడుతున్నాయి. జువ్వలదిన్నె, ఇసకపల్లి తట్టు తిరిగే బండ్లన్నింటికీ ఈ జబ్బు ఉంటుంది, ఛాసిస్‌ని బట్టి చెప్పేయొచ్చు ఏ పక్క నీళ్ళు కారుతున్నాయో. అంటే ఆ షెడ్డు వాళ్ళు నట్టు బిగించినప్పుడు రెండు కేబుళ్ళూ లాగబడ్డాయి, లీవరు వదిలినప్పుడు ఎడమది వెనక్కి వచ్చింది, కుడిది తుప్పుకి ఇరుక్కుని సగం లాగినట్టే ఉండిపోయింది. కుడి షూ రోజంతా డ్రమ్ముని రాసుకుంటూ తిరిగింది. ఎడమ షూ ఎప్పటిలాగే దూరంగా ఉంది.

హ్యాండ్ బ్రేక్ కేబుల్‌తో షూ గ్యాప్ సరిచేయడం ఎందుకు తప్పో చాలామంది అడుగుతుంటారు, పెడల్ పైకొస్తోంది కదా అని. వస్తుంది, నిజమే. కానీ డ్రమ్ము లోపల పార్కింగ్ లీవరు అని ఒకటి ఉంటుంది, బ్రేక్ వదిలినప్పుడు అది వెనక్కి పోయి తన ఆపు మీద ఆనుకుని కూర్చోవాలి. షూలు ఎక్కడ విశ్రాంతి తీసుకోవాలో ఆ ఆపు, స్ట్రట్టు పొడవు కలిసి చెబుతాయి. కేబుల్ బిగిస్తే ఆ లీవరు ఆపు మీద నుంచి లేచిపోతుంది. షూలు సగం తెరుచుకునే ఉంటాయి, బ్రేక్ కొట్టినప్పుడు అవి నడిచే దూరం తగ్గుతుంది. ఆటో అడ్జస్టర్ లీవరుకి ఆ దూరమే తిండి. దూరం చాలకపోతే పన్ను మీదికి ఎక్కలేదు, స్టార్ వీల్ ఎన్నటికీ తిరగదు. షూ అరిగినకొద్దీ మళ్ళీ కేబులే బిగించాలి, బిగించినకొద్దీ వేడి. అందుకే వరస ఇదీ: ముందు కేబుల్ పూర్తిగా వదులు, తర్వాత స్టార్ వీల్, అన్నీ అయ్యాక చివర్లో కేబుల్.

కుడి డ్రమ్ము విప్పాం. చల్లారాక రెండు చిన్న స్క్రూలు తీసి, డ్రమ్ము మీద మర వేసిన కన్నాలు రెండు ఉంటాయి, వాటిలో బోల్టులు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి సమానంగా బిగిస్తే అదే లేచి వస్తుంది. సుత్తితో అంచు మీద బాదితే పోత ఇనుము, పగిలితే అతకదు. లోపలి పొడి కంప్రెసర్ గాలితో ఊదొద్దని షెడ్డులో నాకు సాయం చేసే మావాడికి వందసార్లు చెప్పుంటాను. షూ మీద రాపిడికి అతికించే పొరని లైనర్ అంటాం, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. నీళ్ళతో తడిపి తుడుస్తాం.

డ్రమ్ము లోపల నీలం మచ్చలు, నోటి దగ్గర గట్టు. షూ రాసుకునే చోటు అరిగి, రాసుకోని అంచు అలాగే ఉండిపోయి, వేలు పెడితే మెట్టులా తగులుతోంది. కొత్త షూలు వేసినప్పుడు డ్రమ్ము ఎక్కకపోవడానికి కారణం చాలాసార్లు ఈ గట్టే. షూలు లావుగా ఉన్నాయని స్టార్ వీల్‌ని పూర్తిగా మూసేసి డ్రమ్ము తోసేస్తారు, తోశాక తెరవడం మర్చిపోతారు. ఎడమ పక్క జరిగింది కూడా అదే అని అప్పుడు నేననుకున్నాను. ఈ మాట దగ్గర ఒక గీత గీసుకోండి, మళ్ళీ వస్తాను.

రెండు డ్రమ్ములూ లేత్ మీద స్కిమ్మింగుకి, అంటే లోపల సన్నగా కోసి చదును చేయడానికి, పంపాను. డ్రమ్ము పోతలోనే గరిష్ఠ వ్యాసం ఎంతో వేసి ఉంటుంది, దానికి లోపలే ఉండాలి, రెండు పక్కలూ ఒకే కొలతకి కోయాలి. ఒకటి పెద్దది ఒకటి చిన్నది అయితే తడి రోడ్డు మీద బండి ఒక పక్కకి లాగుతుంది. ఎడమ డ్రమ్ము కూడా తీశాను కదా, మరి లోపల ఎందుకు సరిగ్గా చూడలేదని అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. లేత్‌కి పంపడానికి విప్పింది మావాడు. నేను తొంగి చూసి, కొత్త షూలు, ఆయిల్ లీకు లేదు, స్ప్రింగులు ఉన్నాయి, చాల్లే అనుకున్నాను.

కుడి పక్క మాత్రం పద్ధతిగా చేశాను. వీల్ సిలిండర్ రబ్బరు తొడుగులు మడిచి చూశాను, లోపల తడి లేదు. వీల్ బేరింగు ఆట చూశాను, ఎందుకంటే బేరింగు ఆడుతున్న చక్రానికి ఎంత బాగా సెట్ చేసినా ఒక చోట రాసుకుంటుంది, ఒక చోట వదులుగా ఉంటుంది. బ్యాక్ ప్లేటు మీద షూ ఆనుకునే ఆరు మిట్టలు ఉంటాయి, మూడింటి మీద షూ అంచు గాడి కొట్టేసింది. షూ ఆ గాడిలో పడితే తిరిగి రాదు. ఆకురాయితో చదును చేసి, వేడికి కరగని గ్రీజు చిటికెడు, నిజంగా చిటికెడే, రాశాను. ఎక్కువైతే లైనర్ మీదికి పాకుతుంది. స్టార్ వీల్ విప్పి, మర శుభ్రం చేసి, అదే గ్రీజు రాసి, ఎట్టా ఊడదీశానో అట్టానే పెట్టాను. ఇక్కడ ఇంకో గీత గీసుకోండి.

కుడి కేబుల్ కొత్తది. షూలు అవే ఉంచి, మెరుగెక్కిన లైనర్ని సాండ్ పేపరుతో కొట్టి, డ్రమ్ము లోపల చాక్‌పీసు రుద్ది, షూని చేత్తో అందులో ఆడించి చూశాను. కోసిన డ్రమ్ము కొంచెం పెద్దదవుతుంది, షూ వంపు పాత కొలతకి ఉంటుంది, కాబట్టి చాక్ మధ్యలోనే అంటుకుంటుంది. మధ్యలో సగానికి పైగా అంటింది, అది చాలు, మిగతాది నడకలో కూర్చుంటుంది. చివర్లలో మాత్రమే అంటుకుని మధ్య ఖాళీగా ఉంటే ఆ షూ వాడకూడదు, పట్టేస్తుంది.

ఇప్పుడు సెట్టింగు. డ్రమ్ములు ఎక్కించి, ముందుగా పెడల్ నాలుగైదు సార్లు గట్టిగా తొక్కించాను. షూలు మధ్యకి సర్దుకోవాలి. ఇది చేయకుండా స్టార్ వీల్ తిప్పితే ఒక షూ మాత్రమే తగిలి "టైటయింది" అనిపిస్తుంది, మొదటి బ్రేకుకే అది జరిగిపోయి మళ్ళీ వదులు. తర్వాత బ్యాక్ ప్లేటు వెనక రబ్బరు బిరడా తీసి, ఆ కన్నంలోంచి స్క్రూడ్రైవరుతో స్టార్ వీల్‌ని ఒక్కో పన్ను తిప్పుతూ, చక్రం చేత్తో తిరగనంత వరకు. మళ్ళీ పెడల్ తొక్కించడం. చక్రం వదిలితే ఇంకో రెండు పళ్ళు. అది నిలబడ్డాక వెనక్కి. వెనక్కి తిప్పేటప్పుడు ఆటో లీవరు అడ్డం వస్తుంది, దాన్ని సన్నటి ఇంకో స్క్రూడ్రైవరుతో పక్కకి నెట్టి పట్టుకోవాలి, బలవంతంగా తిప్పితే పళ్ళు గుండ్రపడతాయి. ఎన్ని పళ్ళు వెనక్కి అన్నది బండిని బట్టి, దాని మాన్యువల్ని బట్టి. నేను చెవిని నమ్ముతాను: చక్రాన్ని తోసి వదిలితే ఒక చుట్టు తిరిగి, స్‌స్‌ మని సన్నగా, చుట్టంతా ఒకేలా రాపిడి వినపడాలి. చుట్టులో ఒకచోటే వినపడితే డ్రమ్ము గుండ్రంగా లేదు.

రెండు పక్కలా అయ్యాక కేబుల్. హ్యాండ్ బ్రేక్ లీవరు లాగేటప్పుడు ఆరో టిక్కు ఏడో టిక్కు మధ్య చక్రాలు రెండూ పట్టేలా బిగించి, లీవరు పూర్తిగా వదిలితే రెండూ ఖాళీగా తిరుగుతున్నాయని చూసి, అప్పుడు దించాం. పెడల్ పైన మూడో వంతులోనే గట్టిపడింది. ఊరి బయట రోడ్డు ఖాళీగా ఉన్న చోట యాభై స్పీడు నుంచి మెల్లగా పదికి దించడం, ఓ నిమిషం గాలికి తోలడం, మళ్ళీ దించడం, అలా ఇరవై సార్లు. ఏకబిగిన కొడితే కొత్త లైనర్ కాలి మెరుగెక్కుతుంది. వచ్చాక కుడి 84, ఎడమ 79. అబ్బాయి సంతోషంగా పోయాడు. నేను కూడా కొంచెం ఎచ్చులు పోయాను, ఒప్పుకుంటాను.

పదకొండో రోజు ఫోను. "అన్నా, మళ్ళీ దిగుతాంది."

400 కిలోమీటర్లు పైన తిరిగాడు. లైనర్ కూర్చునేటప్పుడు కొంత గ్యాప్ రావడం మామూలే, అందుకే నేనే 300కి ఒకసారి తీసుకురమ్మన్నాను, గుంటలో కోత పడి రాలేదట. రవ్వంత దిగడం వేరు. ఇది మొదటి రోజుకన్నా కిందికి దిగింది. వేడి లేదు, వాసన లేదు. హ్యాండ్ బ్రేక్ పదకొండు టిక్కులు. లాగి తొక్కితే పెడల్ పైకే. అంటే మళ్ళీ గ్యాపే, ఈసారి రెండు పక్కలా.

బిరడా తీసి ఎడమ స్టార్ వీల్ తిప్పబోయి ఆగాను. టైట్ చేయడానికి నేను స్క్రూడ్రైవరు పిడిని పైకి లేపుతున్నాను. ఈ రకం బండికి ఎడమ పక్క పిడి కిందికి నొక్కాలి, ఎన్నో చేశాను కదా, చేతికి అలవాటు. పోయినసారి కూడా పైకే లేపి ఉంటాను, చెయ్యి అటు పోతే టైట్ కావడం లేదని ఇటు తిప్పి ఉంటాను, బుర్ర మాత్రం పక్కన పెట్టాను.

రెండు డ్రమ్ములూ విప్పి స్టార్ వీల్స్ తీసి బల్ల మీద పక్క పక్కన పెట్టాం. ఒకటి కుడి మర, ఒకటి ఎడమ మర. ఆటో లీవరు రెండు పక్కలా అద్దంలో బొమ్మలా ఎదురెదురుగా ఉంటుంది కాబట్టి మరలు కూడా ఎదురుగా ఉండాలి, అప్పుడే రెండు చోట్లా స్ట్రట్టు పొడవు పెరుగుతుంది. ఇవి తారుమారయ్యాయి. తుప్పు గీకితే ఎడమ పక్క తీసిన దాని మీద ఆర్ అక్షరం కనపడింది. షూలు మార్చిన రోజు రెండు పక్కలూ ఒకేసారి విప్పి, విడిభాగాలన్నీ ఒకే ట్రేలో పోసి ఉంటారు. పైగా చూడ్డానికి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి.

తారుమారైతే ఏమవుతుంది? గ్యాప్ ఎక్కువగా ఉందని లీవరు తన పని తాను చేస్తుంది, పన్ను తిప్పుతుంది, కానీ మర తిరగబడింది కాబట్టి స్ట్రట్టు పెరగాల్సింది పోయి కురచవుతుంది. గ్యాప్ ఇంకా పెరుగుతుంది. పెరిగిన గ్యాప్ చూసి లీవరు ఇంకో పన్ను తిప్పుతుంది. ఇలా పూర్తిగా మూసుకునేదాకా ఆగదు.

ఇప్పుడు ఆ రెండు గీతల దగ్గరికి రండి. మొదటి రోజు ఎడమ స్టార్ వీల్ పూర్తిగా మూసి ఉండటం చూసి, డ్రమ్ము ఎక్కించడానికి మూసి మర్చిపోయారనుకున్నాను. మర్చిపోయి ఉండొచ్చు, కానీ నాలుగు రోజుల్లో లీవరే మూసేసి ఉండొచ్చు కూడా. ఆ ప్రశ్న నాకు తట్టలేదు, దొరికిన మొదటి కారణం దగ్గరే ఆగిపోయాను. కుడి పక్క కేబుల్ ఇరుక్కుని షూలు సగం తెరిచే ఉన్నాయి కాబట్టి అక్కడ లీవరుకి పని లేదు, తారుమారైన మర బయటపడలేదు. నేను కేబుల్ మార్చి, మర శుభ్రం చేసి, గ్రీజు రాసి, ఆ లీవరుకి చక్కగా పని కల్పించాను. అది చక్కగా తప్పు వైపు తిప్పుకుంటూ పోయింది. తుప్పు పట్టి ఉన్నప్పటికన్నా నేను బాగుచేశాక అది వేగంగా వదులైంది, ఈ సంగతి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ నవ్వు, సిగ్గు కలిసి వస్తాయి.

"ఎట్టా తీశానో అట్టానే పెట్టాలి" అని మా గురువు నేర్పింది, బంగారం లాంటి మాటే. కాకపోతే మన కంటే ముందు ఇంకొకరు విప్పిన బండికి అది పనిచేయదు. వాళ్ళు తప్పు పెడితే మనం ఆ తప్పునే నిష్ఠగా తిరిగి పెడతాం.

మరలు మార్చి పెట్టాను. ఈసారి డ్రమ్ము ఎక్కించక ముందే ఒక పరీక్ష: లీవరుని వేలితో లాగి వదిలి, స్టార్ వీల్ ఒక పన్ను తిరిగినప్పుడు స్ట్రట్టు పొడవవుతోందా కురచవుతోందా అని రెండు పక్కలా కళ్ళతో చూశాను. అర నిమిషం పని. పోయినసారి ఆ అర నిమిషం పెట్టి ఉంటే ఆ అబ్బాయి పదకొండు రోజులు హైవే మీద లోడుతో అలా తిరిగేవాడు కాదు. తర్వాత అంతా పాత వరసే: పెడల్ తొక్కి షూలు మధ్యకి, స్టార్ వీల్, చెవి, చివర్లో కేబుల్. ఎడమ పక్క స్క్రూడ్రైవరు పిడి కిందికే పోయింది, చేతికి హాయిగా అనిపించింది. కూలి తీసుకోలేదు, రెండోసారి చేసింది నా తప్పుకి.

బ్రేక్ ఆయిల్ కూడా మార్చేశాను. కుడి చక్రం అంత వేడెక్కిన బండి, పైగా ఉప్పుగాలి, చెమ్మ. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక 140కే మరుగుతుంది. డ్రమ్ము మీద బయటే 168 చూపించిందంటే లోపల సిలిండర్ దగ్గర ఏం జరిగి ఉంటుందో ఊహించడం నాకిష్టం లేదు. కొంచెం ఆయిల్ ఆవిరైతే పెడల్ ఒక్కసారిగా నేల తాకుతుంది, అప్పుడు పంపు కొట్టినా రాదు.

మధ్యలో చీమకుర్తి తట్టు నుంచి గ్రానైట్ లారీ డ్రైవరు ఒకాయన టీ తాగుతూ ఇదంతా చూసి "మాకు ఈ గోల లేదబ్బా, స్లాక్ బిగించి ఒక పావు చుట్టు వదలడమే" అన్నాడు. ఎయిర్ బ్రేకులో స్లాక్ అడ్జస్టర్ పని కూడా అదే కదా, షూ తగిలేదాకా బిగించి వదలడం. గోల అదే, పానా సైజు పెద్దది అంతే అన్నాను. బైకు డ్రమ్ముల్లో కూడా ఇదే కథ ఇంకో వేషంలో ఉంటుంది: రాడ్డు నట్టు చివరిదాకా బిగిసిపోయాక, షూ మార్చకుండా క్యామ్ లీవరుని పళ్ళ మీద ఒక గాడి జరిపి పెట్టుకుంటారు. పెడల్ పైకొస్తుంది, లోపల లైనర్ రేకు దాకా అరిగి ఉంటుంది.

ఆ తర్వాత మూడుసార్లు చూశాను. 200 కిలోమీటర్లకి పెడల్ అక్కడే, టిక్కులు ఏడు. 600కి డ్రమ్ము తీసి చూస్తే చాక్ అవసరం లేకుండానే తెలుస్తోంది, లైనర్ మీద మెరుపు చివరల దాకా పాకింది, ఎడమ స్టార్ వీల్ రెండు పళ్ళు, కుడిది మూడు పళ్ళు తమంతట తామే తెరుచుకున్నాయి, సరైన వైపే. లోడుతో వచ్చి నిలబడగానే కుడి 73, ఎడమ 71. మా షెడ్డులో ఇప్పుడు ఒక పక్క పూర్తయ్యేదాకా రెండో పక్క డ్రమ్ము విప్పనివ్వను, పోల్చి చూసుకోవడానికి ఒకటి ఎప్పుడూ చెక్కుచెదరకుండా ఉండాలి. లేత్‌కి పంపాల్సి వస్తే రెండు ట్రేలు, కుడి దానికి పసుపు పెయింటు చుక్క.

మూడోసారి వచ్చినప్పుడు నీళ్ళ గొట్టం సంగతి గట్టిగా చెప్పాను, కొత్త కేబుల్ కూడా ఆ ఉప్పునీళ్ళకి ఆరు నెలలు ఆగదని. విన్నాడు. డెక్కు మూలన ఉన్న గొట్టానికి పీవీసీ పైపు అతికించి వెనక బంపరు దాటేదాకా లాగించుకున్నాడు. కేబుల్ మీద ఇప్పుడు చుక్క పడటం లేదు. నీళ్ళన్నీ వెనక వచ్చే బైకుల మీద పడుతున్నాయట, అల్లూరు దాకా తిట్లు తింటూ పోతున్నానన్నా అన్నాడు.